మొఱ యొకచోట, మూలమొకచోట

గోదావరిఖని చుట్టుపట్ల నున్న ఏ ఓపెన్‌కాస్టు గనియొద్దనైనను, మొదటి షిఫ్టు మస్టరు పడి, నీళ్ల ట్యాంకరు హాలు రోడ్డుమీది దుమ్మును అణచుచు సాగిపోవు వేళ, మట్టి తోలెడి టిప్పర్లలో ఏదో యొకటి వరుసలో కదలక నిలిచిపోవుటయు, దానిచుట్టు నలుగురు గుమిగూడుటయు, ఆ నలుగురిలో ముగ్గురు బండిని తాకకయే తీర్పు చెప్పివేయుటయు చూడని పనివాడు ఉండడు. “గేరుబాక్సు పోయింది” అని యొకడనును. “లోపల రింగులు అరిగినయ్, బాక్సు దించుడే” అని రెండవవాడు వంత పాడును. “రాత్రి షిఫ్టోడు కరాబు చేసి పెట్టి పోయిండు” అని మూడవవాడు, యంత్రమునందలి దోషమును మనుష్యునిపైకి నెట్టి తన వంతు ముగించును. నాలుగవవాడు, తల నెరసిన ఫిట్టరు, అంతవరకు నోరు మెదపనివాడు, క్యాబినులోనికి తొంగిచూచి డ్రైవరు నడుగును:

“తమ్మీ, గాలి ఎంతున్నది?”

“నాలుగున్నర చూపిస్తున్నదన్నా.”

“గాలి లేక అది ఏడుస్తుంటే గేరును తిడుతరేందిరా? ఇంజను ఆపకు, నిండనియ్యి.”

గాలి నిండును. హై–లో మీటను ఇటు నటు త్రిప్పుమని ఆయన చెప్పును. త్రిప్పిన ప్రతిసారియు గేరుబాక్సు వెనుకనుండి సన్నని బుస యొకటి వినవచ్చును. ఆ బుసను పట్టుకొని చేయి పోనిచ్చినచో, చాసిస్ అంచునకు రాసుకొని రాసుకొని చీలిన వ్రేలెడు గొట్ట మొకటి బయటపడును. రెండు షిఫ్టులు చెమటోడ్చి బాక్సును దించియుండినచో, లోపలి పండ్లు చెక్కుచెదరక నిగనిగలాడుచు ఆ శ్రమను వెక్కిరించి యుండెడివి. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట యని మనవారు కట్టిన సామెతకు ఇంతకంటె తగిన నిదర్శనము దొరకదు.

ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఒక్కటే: మొఱ వినవచ్చు చోటు వేఱు, మూలమున్న చోటు వేఱు. ఈ రెంటి నడుమ నున్న దూరమును ఓపికతో, వరుస తప్పక నడువగలవాడే పనిమంతుడు. ఆ దూరమును ఒక్క దూకున దాటజూచువాడు ఎంత బలశాలి యైనను స్పేర్లు మార్చువాడే గాని దోషము తీర్చువాడు కాడు. గాలి, గేరు అనెడి రెండు విషయములను ఆధారముగా గొని ఆ నడక నెట్లు నేర్చుకొనవలెనో ఇచట వివరించెదను.

కప్పును తట్టి విన్న తండ్రులు

ఈ విద్య ఈ నేలకు క్రొత్తది కాదు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడైన డాక్టరు కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు పొరను గుర్తించినది మొదలు, 1886లో ఇంగ్లండున నమోదైన హైదరాబాదు దక్కను కంపెనీ దానిని వెలికితీయ బూని, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీసు కంపెనీ యనెడి నామరూపములు ఏర్పడిన తరువాత కూడ, పెక్కు దశాబ్దములు గనిపని యనగా భూగర్భమున దీపపు వెలుగులో తట్టాచెమ్మస్సులతో టబ్బులు నింపుటయే. ఆ కాలపు కార్మికుడు పని కుపక్రమింపకముందు కఱ్ఱతోనో గడ్డపారతోనో పైకప్పును తట్టి చూచెడివాడు. కప్పు ఖంగున మ్రోగినచో గట్టిది. డొల్లగా పలికినచో లోపల పొర విడినదని యర్థము. కంటికి రెండును ఒక్కతీరుగనే అగపడును. భేదము చెప్పగలది చెవి యొక్కటే.

1970ల నడుమ రామగుండమున ఓపెన్‌కాస్టు పద్ధతి ప్రవేశించి, షావెళ్లును డంపర్లును భూమిని పైనుండి విప్పనారంభించిన పిమ్మట, తండ్రి తట్ట మోసిన యింటనే కుమారుడు 35 టన్నుల డంపరుపై స్టీరింగు పట్టెను. మనుమడు 100 టన్నుల దానిని నడపుచున్నాడు. భారము భుజమునుండి యంత్రమునకు మారెను గాని, వినవలసిన బాధ్యత చెవినుండి ఎచటికిని మారలేదు. పైగా ఈ నేల యంత్రమునకు సుకుమారమైనది కాదు. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఎండ, ఏడాది పొడుగునను బొగ్గుదుమ్ము, జ్యేష్ఠము దాటినంతనే మొదలగు తేమ, గోతి అడుగునుండి బరువుతో పైకెక్కు బాట — ఈ నాలుగును కలిసి, మైదానపు లారీలో ఏడాదికి బయటపడు దోషమును ఇచట కొలది మాసములలోనే బయటపెట్టును.

గాలి నడచు బాట

దోషమును వెదకుటకు ముందు ఆరోగ్యమును ఎఱుగవలెను. పెద్ద టిప్పరులో ఇంజనుతోపాటు తిరుగు కంప్రెసరు బయటిగాలిని పీల్చి, అదిమి, డ్రైయరునకు పంపును. డ్రైయరు అందలి తేమను తనలో నిలుపుకొని గాలిని ముందుకు విడుచును. ఆ గాలి ఫోర్ సర్క్యూట్ వాల్వునొద్దకు చేరును. ఈ వాల్వు చేయుపని పెండ్లి విందులో వడ్డనకు నిలిచిన పెద్దమనిషి చేయుపని వంటిది. ముందు చక్రముల బ్రేకులను, వెనుక చక్రముల బ్రేకులను అది మొదటి బంతిలో కూర్చుండబెట్టును. క్లచ్ బూస్టరు, గేరుబాక్సులోని హై–లో సిలిండరు, ఎగ్జాస్టు బ్రేకు మొదలగువానికి తరువాతి బంతియే గతి. వంట తక్కువైనచో ఆ సంగతి మొట్టమొదట తెలియునది రెండవ బంతివారికే కదా! కావుననే గాలి చాలని బండిలో బ్రేకులు ఇంకను పట్టుచుండగనే క్లచ్ బిరుసెక్కును, గేరు మొరాయించును. గేరు చేయు ఆ మొఱ తన రోగమును గూర్చినది కాక, వంటయింటి లేమిని గూర్చినది కావచ్చును. ఈ యొక్క వాక్యమును మనసున నాటుకొన్నవాడు ఎన్ని గేరుబాక్సులను అకారణ శస్త్రచికిత్సనుండి కాపాడునో లెక్కింప వీలులేదు.

గాలి బ్రేకు పుట్టుకలోనే మఱియొక నీతి కలదు. జార్జి వెస్టింగుహౌసు 1869లో రైళ్లకు అమర్చిన మొదటి గాలి బ్రేకు, గాలి వచ్చినప్పుడు పట్టెడిది. గొట్టము తెగినచో బ్రేకే లేకుండ పోయెడిది. ఆయన 1872లో ఆ యేర్పాటును తలక్రిందులు చేసి, గొట్టమున ఒత్తిడి పడిపోయినప్పుడే బ్రేకు పట్టునట్లు సవరించెను. నేటి టిప్పరు వెనుక చక్రములయందలి స్ప్రింగు బ్రేకును ఆ బుద్ధినే అనుసరించుచున్నది: పట్టునది స్ప్రింగు, విడిపించునది గాలి. గాలి లేని బండి కదలకుండుట దోషము కాదు, దయ. ఆ దయను మొండితన మని భ్రమించి, స్ప్రింగును బోల్టుతో వెనుకకు బిగించి బండిని ఎట్లో వాలున నడిపించువాడు, తనను పట్టుకొనియున్న చేతిని తానే నరికికొనుచున్నాడు.

చేయి పెట్టకముందు

బండిని చదును నేలపై నిలుపుము. చక్రములకు ముందు వెనుకల చెక్క దిమ్మెలు పెట్టుము. ట్రాలీ ఎత్తియున్నచో దానికి ఉక్కు ఊత నిచ్చిన గాని క్రిందకు తల దూర్చకుము. హైడ్రాలిక్ నూనెపై నమ్మకముంచి క్రిందకు పోయిన తల మరల రాకపోవచ్చును. పని జరుగుచున్నదని తెలుపు పలకను స్టీరింగునకు తగిలించి, తాళపుచెవిని నీ జేబులోనే ఉంచుకొనుము. గొట్టము విప్పుటకు ముందు ఆ శాఖలోని గాలిని పూర్తిగా విడువుము. అన్నిటికంటె ముఖ్యముగా, స్ప్రింగు బ్రేకు చాంబరు పట్టీని ఎన్నడును గనియొద్ద విప్పకుము. అందు ముడుచుకొని కూర్చున్న స్ప్రింగు విడివడినచో ఎదుటివానిని చంపగల బలము గలది. దానిని ఆ పనికి తగిన ప్రెస్సు గల వర్క్‌షాపులోనే విప్పవలెను, లేదా మొత్తముగా మార్చవలెను.

ఐదు ప్రశ్నలు

వైద్యుడు నాడి చూచిన తరువాతనే నాలుక చూచినట్లు, గాలి విషయమున ఐదు ప్రశ్నలను ఈ వరుసలోనే అడుగవలెను. వరుస మారినచో జవాబులును తారుమారగును.

మొదటి ప్రశ్న: ఎంతసేపటికి నిండుచున్నది? ముందుగా గేజి సత్యము చెప్పుచున్నదో లేదో మఱియొక గేజితో సరిచూడుము. అబద్ధసాక్షిని నమ్మి విచారణ సాగింపరాదు. మన పెద్ద బండ్లలో సాధారణముగా 8 బార్ల దరిదాపున అన్‌లోడరు కంప్రెసరును విశ్రమింపజేయును. సరియైన అంకె ఆ బండి పుస్తకములో ఉండును. అమెరికాలో లారీ డ్రైవర్లకు నేర్పెడి పరీక్షలో, రెండు ట్యాంకుల బండిలో ఇంజను తగిన వేగమున నున్నప్పుడు 85 పౌండ్లనుండి 100 పౌండ్లకు ఒత్తిడి పెరుగుటకు 45 సెకన్లకు మించరాదని యొక కొలత కలదు. నీ బండి క్రొత్తగా ఉన్నప్పుడు ఎంత కాలము తీసికొన్నదో వ్రాసి పెట్టుకొన్నచో అంతకంటె మేలైన కొలత వేఱొకటి యుండదు. ఆలస్యమగుచున్నచో మొదట పీల్చుగాలి ఫిల్టరును, తరువాత కంప్రెసరునుండి వెడలు గొట్టములో పేరిన మసిని, తరువాత అన్‌లోడరును, చిట్టచివర మాత్రమే కంప్రెసరు రింగులను అనుమానింపుము. దీనికి విరుద్ధముగా ఒత్తిడి హద్దు మీరి పెరిగి సేఫ్టీ వాల్వు అఱచుచున్నచో, అన్‌లోడరు పట్టివేసినదని తెలిసికొనుము. అఱచుచున్న వాల్వు నోరు మూయుట పరిష్కారము కాదు.

రెండవ ప్రశ్న: నిండినది నిలుచుచున్నదా? ట్యాంకులు నిండిన పిమ్మట, దిమ్మెలు సరిగా ఉన్నవని చూచుకొని, ఇంజను నాపి పార్కింగు బ్రేకును విడిచి, గేజిని గమనింపుము. ఆ పరీక్షలోనే ఒంటి బండికి చెప్పిన హద్దు, బ్రేకు త్రొక్కనప్పుడు నిమిషమునకు 2 పౌండ్లు, త్రొక్కి పట్టినప్పుడు 3 పౌండ్లు. అనగా సుమారు 0.14 బారు, 0.2 బారు. మన గేజీలపై ఇంత సూక్ష్మమైన గీతలుండవు గనుక ఐదు నిమిషములు చూచినచో తేడా కంటికి ఆనును. ఐదు నిమిషములు ఊరక నిలుచుట మనవారిలో పెక్కురకు పానా తిప్పుటకంటె కష్టము. కాని ఆ ఐదు నిమిషములే తరువాతి ఐదు గంటలను మిగుల్చును.

మూడవ ప్రశ్న: ఎప్పుడు పోవుచున్నది? గాలి పోవు స్థలమును వెదకుటకు ముందు గాలి పోవు సమయమును వెదకుము. ఎల్లప్పుడు పోవుచున్నచో ట్యాంకులు, డ్రెయిన్ కాకులు, ప్రధాన గొట్టముల కీళ్లు. పెడలు త్రొక్కినప్పుడే పోవుచున్నచో బ్రేకు చాంబరు డయాఫ్రము, దానికి పోవు గొట్టము. పార్కింగు బ్రేకు విడిచినప్పుడే పోవుచున్నచో స్ప్రింగు చాంబరు వైపు. క్లచ్ త్రొక్కినప్పుడో, హై–లో మార్చినప్పుడో పోవుచున్నచో ఆ శాఖయే. ఇట్లు కాలమును బట్టి క్షేత్రమును కుదించుకొన్న పిమ్మట సబ్బునీరు పూసి బుడగను చూడుము. ఇచట కూడ ఒక మోసము కలదు: రిలే వాల్వు నోటినుండి గాలి బుసకొట్టుచున్నంతమాత్రమున ఆ వాల్వు చెడినదనరాదు, స్ప్రింగు చాంబరులోని సీలు తెగినప్పుడు, అచటి గాలి వెనుకకు నడచివచ్చి రిలే నోటినుండియే బయటకు పోవును. వాల్వును మార్చినవాడు, మరునాడు అదే బుసను క్రొత్త వాల్వునుండి వినును.

నాలుగవ ప్రశ్న: శుభ్రముగా ఉన్నదా? 8 బార్లకు అదుముట యనగా తొమ్మిది కుండల గాలిని ఒక్క కుండలో కుక్కుట. 30 డిగ్రీల వెచ్చదనమున తేమతో నిండిన ఒక ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటియావిరి యుండును. తొమ్మిది ఘనమీటర్ల గాలిని ఒక ఘనమీటరులో ఇమిడ్చి చల్లార్చినచో 270 గ్రాములలో 30 గ్రాములు మాత్రమే ఆవిరిగా నిలిచి, తక్కిన 240 గ్రాములు నీరై దిగవలెను. శ్రావణ మాసమున మన గనిలో ప్రతి బండియు ఈ లెక్కను తన ట్యాంకులో వేసికొనుచునే యుండును. కావున ప్రతి షిఫ్టు మొదటను డ్రెయిన్ కాకులను తెఱచి, రాలినదానిని చేతిలోనికి పట్టి చూడుము. తేట నీరు కొలదిగా వచ్చినచో డ్రైయరు అలసినది. నూనె కలిసిన నల్లని జిగురు వచ్చినచో కంప్రెసరు తన నూనెను తానే క్రక్కుచున్నది. ఆ నూనె ముందుకు పోయి రబ్బరు వస్తువులన్నిటిని ఉబ్బించి చెఱచును.

ఐదవ ప్రశ్న: చివరివరకు చేరుచున్నదా? ట్యాంకులో 8 బార్లున్నంతమాత్రమున క్లచ్ బూస్టరు నోట 8 బార్లు ఉన్నవనుకొనరాదు. చెఱువు నిండియున్నను కాలువ పూడినచో చివరి మడి ఎండును. అనుమానమున్న అవయవము కడనే గొట్టమును విప్పి గేజిని తగిలించి చూడుము. నలిగిన గొట్టము, లోపల పొర విడిచి నాలుకవలె అడ్డుపడిన పాత గొట్టము, తుప్పుతో బిగిసిన వాల్వు — ఇవి బయటకు కనబడవు, బుసకొట్టవు. కొలతకు మాత్రమే లొంగును.

గాలి నిర్దోషి యైనచో

ఈ ఐదు ప్రశ్నలకును సరియైన జవాబు వచ్చిన పిమ్మట మాత్రమే గేరుబాక్సువైపు తిరుగవలెను. అప్పుడును ముందుగా విచారింపవలసినది బాక్సును కాదు, క్లచ్చును. ఇంజను ఆపియున్నప్పుడు గేర్లన్నియు సులభముగా పడుచు, ఇంజను నడచునప్పుడు మాత్రమే గరగరలాడుచున్నచో, బాక్సు నిరపరాధి. క్లచ్ పూర్తిగా విడువలేకున్నది. గేరు చక్కగా పడి, ఇంజను వేగము పెరిగినను బండి వేగము పెరుగనిచో క్లచ్ పట్టలేకున్నది. విడువలేమి, పట్టలేమి — ఈ రెండు దోషములు మనుష్యులయందువలెనే క్లచ్చునందును పరస్పర విరుద్ధములు. ఒకదాని మందు రెండవదానికి విషము.

శబ్దము నడిగినచో మఱికొంత చెప్పును. న్యూట్రలులో ఉండగా మూలిగి, క్లచ్ త్రొక్కగనే ఆగిపోవు చప్పుడు బాక్సులోనికి పోవు మొదటి షాఫ్టు బేరింగుది. త్రొక్కినప్పుడే పుట్టు చప్పుడు రిలీజు బేరింగుది. ఒకే గేరులో మాత్రమే వినవచ్చునది ఆ గేరు పండ్లది. ఒక గేరు బరువు పడగనే తనంతట తాను జారిపోవుచున్నచో, ముందు బయటి లింకేజీని, బాక్సు బిగింపులను చూడుము. అవి సరిగా ఉన్నచో అప్పుడు నీ పానాకు నిజమైన పని కలదు, బాక్సును దించుము.

నూనె చెప్పు సాక్ష్యము

గని డంపర్ల సంగతి కొంత వేఱు. వీనిలో క్లచ్ పెడలునకు బదులు టార్కు కన్వర్టరు ఉండును. జర్మను ఇంజనీరు హెర్మన్ ఫాటింగరు 1905లో ఓడల కొఱకు పేటెంటు పొందిన ఈ యంత్రమున శక్తిని మోసికొనిపోవునది నూనెయే. కావున ఇచట మొదటి సాక్షి నూనె. కంప్రెసరు బాటలో ఏ గాలి ప్రాణమో, ఆ గాలియే ట్రాన్స్‌మిషను నూనెలో రోగము: నూనె మట్టము తగ్గినచో పంపు గాలిని మ్రింగును, మట్టము మించినచో తిరుగు భాగములు నూనెను చిలికి నురుగు చేయును, రెండు విధములను ఒత్తిడి పడిపోయి క్లచ్ పలకలు జారును. తక్కువైనచో హాని, ఎక్కువైనచో మేలు అనుకొనువారు ఈ సంగతిని గుర్తెఱుగవలెను. మట్టమును పుస్తకము చెప్పిన ఉష్ణోగ్రతలో, చెప్పిన తీరుననే చూడవలెను.

తరువాత రంగు. పాలవలె తెల్లబడినచో కూలరు చిల్లిపడి నీరు కలిసినది. అట్టి నూనెతో ఒక్క ట్రిప్పైనను తోలరాదు, ఏలయన కూలెంటు తగిలిన పలకల పూత నిలువదు. నల్లబడి మాడు వాసన కొట్టినచో పలకలు కాలినవి. డ్రెయిన్ అయస్కాంతమునకు అంటిన బూడిదవంటి సన్నని ముద్ద సహజపు అరుగుదల. చేతికి గుచ్చుకొను ఉక్కుముక్కలు, మెఱయు ఇత్తడి పొలుసులు లోపలి విధ్వంసమునకు సాక్ష్యములు.

నూనె వేడి మితిమీరినచో, వాలులేని చోట బండి నాపి, న్యూట్రలులో ఇంజనును నిమిషమునకు 1000 నుండి 1200 చుట్ల వేగమున నడిపింపుము. రెండు మూడు నిమిషములలో వేడి దిగినచో కూలరు పనిచేయుచున్నది. దోషము నడకలో ఉండవచ్చును. హాలు రోడ్డు వాలు సాధారణముగా 16కు 1 మించరాదను నిబంధన యున్నను, ఎత్తుపైన ఉండదగిన గేరులో ఉండక పై గేరుతో కన్వర్టరును మథించు అలవాటు ఆపరేటరునకు ఉండవచ్చును. వేడి దిగనిచో కూలరునే పరీక్షింపుము.

చివరిది స్టాలు పరీక్ష. గాలి నిండుగా ఉండి, బ్రేకులన్నియు పట్టి, ముందు వెనుకల మనుష్యులెవరు లేరని రూఢి చేసికొని, గేరు వేసి కొలది క్షణములు మాత్రమే పూర్తి యాక్సిలరేటరు నొక్కవలెను. అర నిమిషమునకు ఎన్నడును మించరాదు. పుస్తకమున చెప్పినదానికంటె ఇంజను చుట్లు హెచ్చినచో లోపలి క్లచ్ జారుచున్నది. కొంచెము తగ్గినచో ఇంజనే నీరసించినది, ట్రాన్స్‌మిషనును తిట్టకుము. మిక్కిలి తగ్గినచో కన్వర్టరులోని స్టేటరు తన పట్టు విడిచినది. ఒక్క అంకె మూడు ఇండ్లలో దొంగ ఏ యింట నున్నాడో చూపును. పరీక్ష ముగియగనే న్యూట్రలులో నూనెను చల్లార్చుట మఱవకుము.

గొలుసును వెనుకకు లాగుట

దోషము దొరకినంత మాత్రమున విచారణ ముగియలేదు. దొరకినది కడపటి లంకె. దానిని పట్టుకొని గొలుసును వెనుకకు లాగవలెను. రాంపు అడుగునకు వచ్చుసరికి గేరు బిరుసెక్కుచున్నదని డ్రైవరు మొఱపెట్టె ననుకొందము. ఏల? గాలి తగ్గుచున్నది. ఏల? బ్రేకు త్రొక్కిన ప్రతిసారియు ఎక్కువ గాలి ఖర్చగుచున్నది. ఏల? చాంబరు కడ్డీ ఉండవలసినదానికంటె దూరము సాగుచున్నది. ఏల? లైనింగు అరిగినను స్లాకు అడ్జస్టరును ఎవరును సరిచేయలేదు. ఏల? వారపు తనిఖీ పుస్తకమున, చక్రము క్రిందకు వంగి చూడకయే, ఒకడు టిక్కు పెట్టినాడు. గేరు బిరుసునకు మూలము గేరులో లేదు, గాలిలో లేదు, బ్రేకులో కూడ లేదు. ఆ సిరాచుక్కలో ఉన్నది!

మఱియొక గొలుసు: డయాఫ్రములు పదేపదే పోవుచున్నవి, ఏలయన గాలిలో నూనె వచ్చుచున్నది, నూనె వచ్చుచున్నది, ఏలయన కంప్రెసరునకు పీల్చుటకు గాలి చాలక సిలిండరులోనికి నూనెను లాగుకొనుచున్నది, గాలి చాలకున్నది, ఏలయన ఫిల్టరు నిండ బొగ్గుదుమ్ము. స్టోరునుండి డయాఫ్రములు తెచ్చుచున్నంతకాలము రోగమునకు మనము అన్నము పెట్టుచున్నాము. ఫిల్టరును దులిపిన నాడు దానికి లంఘనము చేయించితిమి.

మాట పొందిక

ఈ నడకయంతయు మొదలగునది ఆపరేటరు పలుకు మొదటి మాటతో. “బండి పని చేస్తలేదు” అనునది ఫిర్యాదు కాదు, నిట్టూర్పు. “పొద్దున గాలి నిండెటందుకు పావుగంట పట్టింది, నిండినంక గేర్లు మంచిగనే పడ్డయి, మూడో ట్రిప్పుల కింద దిగంగ బజరు మోగింది, అప్పుడు హై పడలే” అని చెప్పగలిగినవాడు సగము మరమ్మతు తానే చేసినవాడు. ఎప్పుడు, ఎచట, ఎంత బరువుతో, ఎన్నవ గేరులో, ఏ చప్పుడుతో — ఈ ఐదింటిని షిఫ్టు పుస్తకమున వ్రాయుటకు రెండు నిమిషములు చాలును. ఆ వ్రాత నందుకొన్న ఫిట్టరును “నీకు నడుపరాదు” అని యెదురు మాట వేయక, వ్రాసినదానిని వ్రాసినట్లు పరీక్షింపవలెను. ఇరువురలో ఎవనికి భయము కలిగినను నిజము దాగును: తిట్లకు వెఱచిన డ్రైవరు తాను రాయి నెక్కించిన మాట చెప్పడు, పరువునకు వెఱచిన ఫిట్టరు తాను బిగింప మఱచిన నట్టు మాట చెప్పడు. ఇంతకంటె ఘోరమైనది, మ్రోగు బజరు చెవికి బాధయని దాని తీగను పీకివేయుట. చెవిటివాని ముందు శంఖ మూదుట వ్యర్థమే; కాని వినగలవాడు శంఖమునే పగులగొట్టుట ఆత్మహత్యతో సమానము. బజరు మ్రోగినచో చేయవలసినది ఒక్కటే: అనువైన చోట బండి నాపుట.

ఇంటి గడపలో

రాత్రి షిఫ్టు ముగించుకొని, ఎండ ముదురుచుండగా క్వార్టరునకు చేరిన మనుష్యుడు కూరలో ఉప్పు తక్కువైనదని కంచము నెట్టును. ఇల్లాలు ఉప్పు వేసినను ఆ కోప మాఱదు. ఏలయన మొఱ కూరను గూర్చినది, మూలము మూడు దినములుగా పగటివేళ పట్టని నిద్ర. కొడుకు చదువుటలేదని తండ్రి మొఱ. మూలము వాని కంటికి నల్లబల్ల ఆనకపోవుట కావచ్చును. నీ యింటిలో ఒకే తగవు మూడవసారి వచ్చినదా, డయాఫ్రమును మార్చుట చాలించి ఫిల్టరును వెదకుము. గాలి తగ్గినప్పుడు రెండవ బంతివారు మొదట మొఱపెట్టినట్లు, సంసారమునందును లేమి యొకచోట పుట్టి, మెత్తనివారి నోట మాటగా వెలువడును. ఆ మాటను పలికినవారినే దోషులుగా నిలబెట్టుట, గాలి లేని బండిలో గేరుబాక్సును దించుట వంటిది.

అభ్యాసము

తమ్ముడా, రేపటినుండి ఇరువదియొక్క దినములు ఈ నాలుగు పనులు చేయుము. షిఫ్టు మొదట ట్యాంకుల నీరు వదలి, రాలినదానిని చూడుము. గాలి నిండుటకు పట్టిన కాలమును గడియారము పెట్టి వ్రాయుము. ఇంజను నాపి ఐదు నిమిషములు మాటలాడక గేజిని చూడుము. ఏ దోషము దొరకినను, విప్పుటకు ముందు మూడు పర్యాయములు “ఏల?” అని ప్రశ్నించి జవాబును కాగితముపై పెట్టుము. ఇరువదిరెండవ నాడు ఆ కాగితములను ముందు వేసికొని చదివినచో, నీ బండి స్వభావముతోపాటు నీ తొందరపాటు స్వభావము కూడ అందు నీకు కనబడును.

కప్పును తట్టి, దాని పలుకు విన్న పిమ్మటనే నీ తండ్రి తట్ట నెత్తెను. నీవును వినిన పిమ్మటనే పానా నెత్తుము.